చేతిలో ఉన్న పుస్తకాన్ని పంచుకోవడం: చారిత్రక నవలల పాఠకులకు సమగ్ర మార్గదర్శి

చారిత్రక నవలలు ఇష్టపడేవారిలో చాలామంది పుస్తకం పూర్తయిన తర్వాతే దాని గురించి నోరు విప్పుతారు. అప్పటికి చెప్పడానికి మిగిలేది బాగుందనో, సాగదీశారనో, చివర కన్నీళ్ళు వచ్చాయనో రెండు ముక్కలే. నూట ఇరవయ్యో పేజీలో కోటగోడ మీద కాపలావాడు పట్టుకున్న దివిటీకి ఏ నూనె వాడి ఉంటారని మనకు వచ్చిన సందేహం, మంత్రి మాటతీరు అచ్చం మన తాతగారి మాటలా ఉందన్న సంతోషం, రాజు పేరు చూసి ఈయన నిజంగా ఉన్నాడా అని ఆగిన క్షణం, ఇవన్నీ కథ వేగం పుంజుకోగానే మరుగున పడిపోతాయి. అందుకే ఇలాంటి నవలను పంచుకోవలసింది చదువు నడుస్తూ ఉండగానే అని నేను గట్టిగా నమ్ముతాను. ప్రస్తుతం చేతిలో ఉన్న చారిత్రక నవలను, అది ఇంకా పూర్తి కాకముందే, తోటి పాఠకులతో ఎలా పంచుకోవాలో ఈ మార్గదర్శిలో వివరిస్తాను.

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ఊళ్ళలో ఉన్న మేం ఏడుగురం నాలుగేళ్ళుగా ఈ పని చేస్తున్నాం. నెలలో రెండో ఆదివారం సాయంత్రం నెల్లూరు పొగతోటలో ఒకరి ఇంటి మేడ మీద కలుస్తాం. మాలో కందుకూరులో తెలుగు చెప్పి రిటైరైన అయ్యవారు ఉన్నారు, ఆర్టీసీ కండక్టరు ఉన్నారు, కావలిలో బ్యాంకు ఉద్యోగం చేసే ఆమె ఉన్నారు, ఒంగోలులో బట్టల కొట్టు నడిపే ఆయన ఉన్నారు, డిగ్రీ చదువుతున్న కుర్రవాడూ ఉన్నాడు. కింద చెప్పే పద్ధతులు మేం తప్పులు చేసి, దిద్దుకుని, చివరికి నిలబెట్టుకున్నవి.

మొదటి పని: చీటీ రాయడం

పుస్తకం మొదలుపెట్టిన రోజే అరచేతిలో పట్టేంత కాగితం ఒకటి పుస్తకంలో ఉంచుకోవాలి. దాని మీద పుస్తకం పేరు, రచయిత పేరు, అనువాదమైతే అనువాదకుల పేరు, మొదటిసారి అచ్చయిన సంవత్సరం, కథ జరిగే శతాబ్దం, చోటు రాయాలి. ఆ పైన, ఇప్పుడు ఏ పేజీలో ఉన్నామో రాయాలి. ఆ పేజీ దగ్గర మనసులో తిరుగుతున్న ప్రశ్న ఒక్కటి రాయాలి. ఇంతకు మించి అక్కర్లేదు. మొదటి అచ్చు సంవత్సరాన్ని చాలామంది వదిలేస్తారు కానీ, అదెంత ముఖ్యమో ముందు ముందు చెబుతాను.

ప్రశ్న ఒక్కటే ఉండాలనడానికి కారణం ఉంది. మొదట్లో మేం తోచినవన్నీ రాసుకుని వచ్చేవాళ్ళం, ఒక్కొక్కరూ అరగంట మాట్లాడేవారు, చివరి ఇద్దరికీ సమయం మిగిలేది కాదు. ఒక్క ప్రశ్న ఎంచుకోవాలంటే చదివిన భాగాన్ని మళ్ళీ తలచుకోక తప్పదు. కిందటేడు బ్యాంకు ఉద్యోగిని తెచ్చిన చీటీ ఇలా ఉంది: "గోన గన్నారెడ్డి. అడివి బాపిరాజు. కాకతీయుల కాలం, 13వ శతాబ్దం, ఓరుగల్లు. మూడో వంతు అయింది. రుద్రమదేవికి మగవేషం కట్టించిన సంగతిని రచయిత ఎక్కడి నుంచి తీసుకున్నారు? శాసనాల్లో రుద్రదేవ మహారాజు అన్న పురుషనామం కనిపిస్తుందని అయ్యవారు అన్నారు. పేరు ఒక్కటే మగదా, వేషం కూడానా?" ఆ నాలుగు ముక్కల మీద ఆ సాయంత్రం గంటన్నర గడిచింది. పుస్తకం మాలో మరో ముగ్గురి చేతికి వెళ్ళింది.

చీటీ మీద రాయకూడనిది కథాసంగ్రహం. ఎవరు ఎవరిని ప్రేమించారో, ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారో చెబితే విన్నవారికి పుస్తకం తెరవాలన్న కోరిక తగ్గుతుంది. కథను మన నోటితో చెప్పేస్తే ఎదుటివారికి మిగిలేది వర్ణనలు మాత్రమే, చారిత్రక నవలల్లో వర్ణనలు అసలే ఎక్కువ.

రెండో పని: అంచున మూడు గుర్తులు

చారిత్రక నవలను మిగతా నవలల నుంచి వేరు చేసేది ఇదే కనుక ఇక్కడ కొంచెం నిదానంగా నడవాలి. నవలలో కనిపించే ప్రతి సంగతీ మూడు రకాల్లో ఒకటి అవుతుంది. ఆధారం ఉన్నది మొదటిది. అంటే శాసనం, తామ్రపత్రం, నాణెం, ఆ కాలపు కావ్యం, ఆ కాలంలో వచ్చిన యాత్రికుడి రాత. జనం నోట నిలిచిన ఐతిహ్యం రెండోది. రచయిత కల్పన మూడోది. మేం చిన్న కాగితపు ముక్కల మీద ఆ, ఐ, క అని అక్షరాలు రాసి పేజీల మధ్య పెడతాం. అరువు తెచ్చిన పుస్తకం మీద పెన్సిలు గీత కూడా పెట్టకూడదు కనుక ఈ కాగితపు ముక్కలే మేలు.

ఇది ఎలా పనిచేస్తుందో మన నెల్లూరు సంగతితోనే చూద్దాం. 13వ శతాబ్దంలో విక్రమసింహపురి అని పిలిచిన మన ఊరిని తెలుగు చోడ ప్రభువు మనుమసిద్ధి ఏలాడు. కవి తిక్కన ఆయన కొలువులో మంత్రి, తన నిర్వచనోత్తర రామాయణాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు. ఈ కాలం మీద ఏ నవల వచ్చినా ఇక్కడి దాకా "ఆ" అన్న కాగితం పెట్టుకోవచ్చు. తర్వాత అక్కన, బయ్యన అనే జ్ఞాతులు మనుమసిద్ధిని గద్దె దించారని, తిక్కన ఓరుగల్లు వెళ్ళి కాకతీయ రాజు గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెబుతారు. ఈ కథను వివరంగా చెప్పేది చాలాకాలం తర్వాత వచ్చిన సిద్ధేశ్వర చరిత్ర. కనుక కాగితం మీద "ఆ" రాయడానికి చేయి కాస్త ఆగాలి. మాలో అయ్యవారు ఇలాంటి చోట రెండు అక్షరాలూ రాస్తారు, అది నాకు సరైన పద్ధతిగా తోస్తుంది.

ఇక మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన, కవి తిక్కన వేరు, ఈయన వేరు. పుల్లరి, అంటే పచ్చిక మేపినందుకు కట్టే పన్ను, తగాదా మీద గొల్లల నాయకుడు కాటమరాజుతో జరిగిన యుద్ధం నుంచి ఆయన వెనుదిరిగి ఇంటికి వస్తే, భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు తోడి, చాటుకు మంచం నిలబెట్టి, పసుపు ముద్ద పెట్టిందని, ఇంట్లో ఇప్పుడు ముగ్గురం ఆడవాళ్ళమే కదా అన్నదని మన జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. తల్లి అన్నం వడ్డించి విరిగిన పాలు పోసింది. యుద్ధంలో నువ్వూ విరిగావు, మేతకు పోయిన పశువులూ విరిగాయి, పాలూ విరిగాయి అన్నది. విరగడం అన్న ఒక్క మాటకు ఉన్న రెండర్థాల మీద ఇంతటి దెబ్బ కొట్టిన సన్నివేశం తెలుగులో మరొకటి ఉంటుందని నేను అనుకోను. ఇది చాటుపద్యాల ద్వారా నిలిచిన ఐతిహ్యం, అందుకని "ఐ". ఒక నవలాకారుడు ఆ పసుపు ముద్ద పక్కన పడిన కత్తి గురించి, ఆ రాత్రి చానమ్మ నిద్రపోకుండా గుమ్మంలో కూర్చున్న సంగతి గురించి రాస్తే, అది "క".

ఈ గుర్తుల్లో ఎక్కువ తక్కువలు లేవు. కల్పన ఉన్నంత మాత్రాన నవల విలువ తగ్గదు. తగ్గేటట్టయితే మనం శాసనాలే చదువుకునేవాళ్ళం. అయితే కల్పనను చరిత్రగా పంచుకోవడం మాత్రం తప్పు. ఆదివారం మేడ మీద చెప్పిన మాట సోమవారం స్కూల్లో పిల్లలకు పాఠంగా చేరుతుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు.

ఆధారం వెతకడానికి ఎక్కడికి వెళ్ళాలని కొత్తవారు అడుగుతారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి మూడు భాగాలుగా వెలువరించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు మనకు మొదటి మెట్టు. అప్పటికి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోనివే కనుక నేటి ప్రకాశం పాఠకులకూ అవి పనికొస్తాయి. రెడ్డిరాజుల నవల చేతిలో ఉంటే మల్లంపల్లి సోమశేఖర శర్మ 1948లో వెలువరించిన రెడ్డిరాజ్యాల చరిత్రను పక్కన పెట్టుకోవాలి. పాత పత్రికలు, అచ్చులో లేని పుస్తకాలు కావాలంటే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. ఒక పూట అక్కడ కూర్చుంటే పది రోజుల సందేహాలు తీరుతాయి.

మూడో పని: వంటింటి పరీక్ష

యుద్ధాల తేదీలు సరిచూడటం అందరికీ సాధ్యం కాదు. కానీ వంటింటిని, నడుముకు కట్టిన సంచిని, దూరం కొలిచే మాటను ఎవరైనా సరిచూడవచ్చు. ఈ పరీక్షతోనే మా బృందంలో చరిత్ర అంటే భయపడే ఇద్దరు మాట్లాడటం మొదలుపెట్టారు.

మిరపకాయ మనదేశానికి పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చింది. కాబట్టి మనుమసిద్ధి కొలువులో ఎర్రగా కారం తేలిన చేపల పులుసు వడ్డిస్తే ఆ పేజీ దగ్గర ఆగాలి. చింతపండు ఉండవచ్చు, మామిడికాయ ఉండవచ్చు, ఘాటు మాత్రం మిరియాలదే అయి ఉండాలి. ఈ సంగతి మొదట విన్నప్పుడు బట్టల కొట్టాయన చాలాసేపు ఒప్పుకోలేదు, నెల్లూరు పులుసులో మిరపకాయ లేని రోజు ఒకటి ఉందంటే ఆయనకు మింగుడు పడలేదు. 1513లో ఉదయగిరి కొండ కింద విడిది చేసిన విజయనగర సైనికుడి మూకుడులో కూడా మిరపకాయ ఉండే వీలు దాదాపు లేదు, పోర్చుగీసువారు గోవా పట్టుకుని అప్పటికి మూడేళ్ళే అయింది. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, జీడిమామిడి, బొప్పాయి, జామ కూడా ఈ వరసలోనివే. జొన్నలు, రాగులు మాత్రం ఎంతో ముందే వచ్చి స్థిరపడినవి, వాటిని చూసి కంగారు పడకూడదు.

ప్రకాశం పాఠకులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసింది పొగాకు. ఒంగోలు చుట్టూ పొగాకు బారన్లు చూస్తూ పెరిగిన మనకు అది అనాదిగా ఇక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. అది దక్కనుకు చేరినది 16వ శతాబ్దం చివర, 17వ శతాబ్దం మొదట్లో. 14వ శతాబ్దంలో అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి కోట కాపలావాడు చుట్ట ముట్టించాడంటే రచయిత రెండున్నర శతాబ్దాలు ముందుకు వెళ్ళిపోయాడన్నమాట.

మాటల విషయంలో నా అభిప్రాయం కొంచెం వేరు. నవలాకారుడు ఈనాటి తెలుగులో రాస్తాడు, రాయాలి కూడా. కథనంలో నిమిషం అన్నాడని, కిలోమీటరు అన్నాడని పట్టుకోవడం నాకు నచ్చదు. కానీ తిక్కన నోట హుకుం, ఫిర్యాదు వంటి మాటలు వస్తే చదువరి చెవికి తగలాలి. పాత్రలు మాట్లాడేటప్పుడు జాము, ఘడియ, ఆమడ, క్రోసు అనడంలో ఆ కాలపు నడక వినిపిస్తుంది. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు అని చీటీ వెనక రాసి పెట్టుకుంటే చిన్నవారికి చదువు సాఫీగా సాగుతుంది.

తప్పు దొరికిందని సంబరంగా పంచుకోవడం పద్ధతి కాదు. ఒక మిరపకాయ కోసం నాలుగు వందల పేజీల శ్రమను కొట్టిపారేయకూడదు. దొరికినది చెప్పాలి, ఆ వెంటనే ఆ రచయిత చూపించినదాంట్లో మనకు నచ్చినది కూడా చెప్పాలి.

నాలుగో పని: కథాకాలం, రచనాకాలం వేరుగా చూడటం

చీటీ మీద మొదటి అచ్చు సంవత్సరం రాయమన్నది ఇందుకే. మార్కోపోలో 13వ శతాబ్దం చివర ముత్‌ఫిలి అనే రేవు గురించి రాశాడు. అది పాత ప్రకాశం జిల్లా తీరంలోని మన మోటుపల్లి అని చరిత్రకారులు గుర్తించారు, 1244 నాటి గణపతిదేవుడి అభయశాసనం కూడా అక్కడిదే. ఆ యాత్రికుడు అక్కడి రాణిని రాజుగారి వితంతువుగా చెప్పడంతో, రుద్రమదేవి గణపతిదేవుడి భార్య అని పాత చరిత్రకారులు కొందరు నమ్మారు. తర్వాత శాసనాల పరిశీలనలో ఆమె ఆయన కూతురని తేలింది. ఆమె 1289లో మరణించినట్టు చెప్పే చందుపట్ల శాసనం గోన గన్నారెడ్డి, నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవి నవలలు రెండూ వచ్చిన తర్వాతే పండితుల దృష్టికి వచ్చింది.

కాబట్టి ఏ నవలనైనా తూచేముందు, అది రాసిన నాటికి ఏం తెలుసో అడగాలి. ఈ ఒక్క ప్రశ్న వల్ల మా సమావేశాల్లో రచయితల మీద విసుగు సగానికి సగం తగ్గింది. పైన చెప్పిన రెండు నవలలూ ఒకే రాణి కాలం మీద రాసినవి కనుక, ఇద్దరు మిత్రులు చెరొకటి ఒకే నెలలో చదివి పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడం చారిత్రక నవలల పాఠకులకు దొరికే గొప్ప ఆనందాల్లో ఒకటి. కొత్తగా మొదలుపెట్టే బృందానికి నేను మొదట ఇచ్చే సలహా అదే.

ఐదో పని: ఏది చెప్పకూడదో తేల్చుకోవడం

కృష్ణదేవరాయలు ఉదయగిరిని గెలిచాడన్నది రహస్యం కాదు. ఏడాదికి పైగా ముట్టడి సాగిందని, దుర్గం వశమయ్యాక బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకువెళ్ళి 1515లో ప్రతిష్ఠించాడని ఎక్కడైనా చదవవచ్చు. కానీ ఆ ముట్టడి మీద రాసిన నవలలో రచయిత సృష్టించిన ఒక వేగులవాడు బతికి బయటపడతాడా లేదా అన్నది పూర్తిగా రహస్యమే. మా నియమం ఇంతే: చరిత్రకు తెలిసినది చెప్పవచ్చు, రచయితకు మాత్రమే తెలిసినది చెప్పకూడదు.

ఈ నియమం నా తప్పు నుంచి పుట్టింది. మా మూడో సమావేశంలో, కుర్రవాడు సగం దాకా చదివిన ఒక నవల గురించి మాట్లాడుతూ, అందులోని కల్పిత పాత్ర ఒకటి చనిపోయే ఘట్టం ఎంత బాగుందో నేను పొగిడాను. ఆ అబ్బాయి ఏమీ అనలేదు, చీటీ మడిచి పుస్తకంలో పెట్టుకున్నాడు. రెండు నెలల పాటు ఆ పుస్తకం తెరవలేదని తర్వాత వాళ్ళ అమ్మగారు చెప్పారు. ఆ పాత్ర కోసమే అతను చదువుతున్నాడు. క్షమాపణ అడిగాను కానీ, పోయిన ఆసక్తిని క్షమాపణ తిరిగి తేలేదు.

చరిత్రకు తెలిసినదైనా వినేవారికి తెలియకపోవచ్చన్న సంగతి మరొకటి ఉంది. ఖడ్గతిక్కన మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ఏమయ్యాడో మన పెద్దవాళ్ళకు తెలుసు, హైదరాబాదులో పెరిగి వచ్చిన మనవరాలికి తెలియకపోవచ్చు. అందుకని మాట మొదలుపెట్టే ముందు "ఈ కథ తెలుసా, చెప్పమంటారా" అని అడగడం మంచిది.

ఆరో పని: కలిసి కూర్చున్నప్పుడు

మనుషులు ఐదుగురి నుంచి తొమ్మిదిమంది దాకా ఉంటే చాలు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. అందులో మొదటి మూడు నిమిషాలు చీటీ చదవడానికి, మరో మూడు ఒక పేరా గట్టిగా చదివి వినిపించడానికి, మిగతాది ఇతరుల మాటలకు. గట్టిగా చదవడం తప్పనిసరి అని నేను పట్టుబడతాను. పాత చారిత్రక నవలల భాషలో గ్రాంథికపు సమాసాలు ఎక్కువ. కళ్ళతో చదివితే బరువుగా తోచే వాక్యం, అయ్యవారి గొంతులో వింటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెబుతుంది. ఒకసారి ఎవరో దీర్ఘ వాక్యం మధ్యలో తడబడితే ఆయన "ఆగబ్బయ్యా, క్రియ దగ్గరికి పోయి వెనక్కి రా, నీకే తెలుస్తాది" అన్నారు. ఆ మాటతో నాకు అప్పటిదాకా లొంగని రెండు పుస్తకాలు లొంగాయి.

ఏ పేరా చదవాలన్నది కూడా ఆలోచించాలి. చాలామంది యుద్ధాన్ని ఎంచుకుంటారు. యుద్ధాలు దాదాపు అన్ని నవలల్లోనూ ఒకేలా ఉంటాయి. ఆ రచయితకు మాత్రమే పట్టుబడిన చిన్న సంగతి ఉన్న పేరా ఎంచుకోండి: తెల్లవారుజామున గుర్రపు కళ్ళేనికి పట్టిన మంచు, శిల్పి ఉలికి సాన పట్టిన చప్పుడు, అంతఃపురంలో దాసి చేతిలో నలిగిన తమలపాకు.

అభిప్రాయభేదాలు తప్పవు. మన జిల్లాల్లో రాజుల వంశాలు, వారి ఇంటిపేర్లు, వారు కట్టించిన గుళ్ళు ఇంకా జనంలో ఉన్నాయి కనుక నవలలో ఒక రాజును చెడ్డగా చూపితే అది తమ వారిని అన్నట్టుగా తీసుకునేవారు ఉంటారు. కాటమరాజు యుద్ధం మీద మాట్లాడిన రోజు మా మేడ మీద గొంతులు బాగానే లేచాయి. నెల్లూరు కొలువు వైపు నుంచి చూస్తే వీరుడు ఖడ్గతిక్కన, గొల్లసుద్దుల్లో పాడే కథలో వీరుడు కాటమరాజు. కరవులో మందలను తోలుకువచ్చిన వాడి బాధ ఒకటి, పచ్చిక మేపినందుకు పుల్లరి అడిగిన వాడి న్యాయం మరొకటి. ఆ రోజు మమ్మల్ని ఒడ్డున వేసినది ఒక్క పద్ధతే: ఎవరు ఏమన్నా పేజీ చూపించి అనాలి. "ఆయన అలాంటివాడు కాదు" అన్న మాటకు చోటు లేదు, "ఈ పేజీలో ఈ పాత్ర ఇలా చేసింది, నాకు నమ్మకం కలగలేదు, ఎందుకంటే" అన్న మాటకు ఉంది. కండక్టరు గారు చిన్నప్పుడు విన్న సుద్దుల కథను ఆ తర్వాత అరగంట చెప్పారు, అది ఏ పుస్తకంలోనూ లేనిది.

ఏడో పని: పుస్తకం చేతులు మారేటప్పుడు

ఒక నోటుబుక్కు పెట్టుకోవాలి. ఎవరి పుస్తకం, ఎవరికి, ఏ తేదీన, ఏ స్థితిలో ఇచ్చారో రాయాలి. అట్ట ఊడిందా, కుట్టు వదులైందా, ఏ పేజీలు చిరిగాయో ఇచ్చేటప్పుడే ఇద్దరూ చూసుకుంటే తర్వాత మనస్తాపాలు ఉండవు.

ఒంగోలు, నెల్లూరు మధ్య దూరం దాదాపు 120 కిలోమీటర్లు. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ పోతూ ఉండేవారు మాకు తపాలా బంట్రోతులు. కావలిలో బండి ఆగిన ఆ కాస్త సేపట్లో పెట్టె తలుపు దగ్గర పుస్తకం చేతులు మారడం ఎన్నోసార్లు జరిగింది. మనిషి దొరకనప్పుడు పార్సిల్ చేయాలి, కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరంలో ఈశాన్య రుతుపవనాల వర్షాలు. ఒక నవంబరులో నేను పాత ముద్రణ ఒకటి ఒట్టి ఖాకీ కాగితంలో చుట్టి పంపాను. చేరేసరికి చివరి అరవై పేజీలు అట్టలా అతుక్కుపోయాయి. అది అయ్యవారి నాన్నగారు కొన్న పుస్తకం. అప్పటి నుంచి ముందు ప్లాస్టిక్ సంచి, దాని మూతి టేపుతో బిగించి, ఆ మీద వార్తాపత్రిక రెండు మడతలు, ఆ మీద ఖాకీ కాగితం, నాలుగు మూలలా అట్టముక్కలు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టవద్దు, పేజీలు వంకర తిరుగుతాయి. పేజీల మధ్య తెల్లకాగితాలు పెట్టి ఫ్యాను గాలికి నిలబెట్టాలి, కాగితాలు తడిసినకొద్దీ మార్చాలి.

పుస్తకం దొరకక మొత్తం స్కాన్ చేసి పంచుకోవాలనిపించినప్పుడు చట్టాన్ని గుర్తుచేసుకోవాలి. మనదేశంలో రచయిత మరణించిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్ళ పాటు హక్కులు వారసులవి. బాపిరాజు 1952లో కన్నుమూశారు కనుక ఆయన రచనలు 2013 నుంచి అందరివీ అయ్యాయి. జీవించి ఉన్న రచయిత పుస్తకాన్ని మాత్రం కొని చదవాలి. ఆ రచయిత మరో నవల రాయాలని మనం కోరుకుంటున్నప్పుడు ఆ రెండు మూడు వందల రూపాయలు వెనకాడవలసినవి కావు.

రాలేనివారి కోసం

సమావేశానికి రాలేనివారు అట్ట ఫోటో పంపి ఊరుకుంటే ఏమీ పంచుకున్నట్టు కాదు. వాట్సాప్‌లో రెండు నిమిషాల మాట రికార్డు చేసి పంపమని మేం అడుగుతాం. చీటీ చదివి, ప్రశ్న చెప్పి, నాలుగు వాక్యాలు వినిపిస్తే చాలు. దాన్ని సమావేశంలో అందరం కలిసి వింటాం, జవాబులు కూడా గొంతులోనే వెళతాయి.

తర్వాతి పుస్తకం, ఆగిపోయిన పుస్తకం

ఒక చారిత్రక నవల నుంచి మరొకదానికి మూడు తోవలు ఉన్నాయి. అదే కాలాన్ని మరో రచయిత కళ్ళతో చూడటం ఒకటి, అదే కాలంలో ఎదుటి రాజ్యం వైపు వెళ్ళడం రెండోది, అదే చోట నిలబడి మరో శతాబ్దానికి నడవడం మూడోది. మూడోది నాకు ఎక్కువ ఇష్టం. అద్దంకినే తీసుకోండి. పండరంగడి పద్యశాసనం 9వ శతాబ్దం నాటిది. ప్రోలయ వేమారెడ్డి కొలువు, ఎఱ్ఱన హరివంశం 14వ శతాబ్దం నాటివి. నడుమ ఐదు వందల ఏళ్ళు, ఊరు మాత్రం ఒకటే. నవల మధ్యలో ఉన్నప్పుడే ఒక ఆదివారం ఆ ఊరు వెళ్ళి వస్తే మిగతా సగం వేరే వెలుతురులో కనిపిస్తుంది. ఉదయగిరి కొండ ఎక్కిన రోజు మేం ముట్టడి ఘట్టాన్ని సగం దారిలో, చెట్టు నీడన కూర్చుని చదువుకున్నాం. అంతకు ముందు పేజీ మీద ఒక్క వాక్యంగా దాటిపోయిన ఎత్తు, పిక్కలు పట్టేశాక అర్థమైంది.

చదవలేక ఆపేసిన పుస్తకాన్ని కూడా పంచుకోవాలి. ఏ పేజీ దగ్గర ఆగారో, ఎందుకు ఆగారో సిగ్గుపడకుండా చెప్పాలి. పాత్రల పేర్లు కలగాపులగం అయ్యాయా, భాష బరువైందా, మొదటి యాభై పేజీలూ వంశవృక్షంతోనే గడిచాయా. చాలాసార్లు ఎదుటివారు ఒక చిన్న ఉపాయం చెబుతారు: అట్ట లోపల వంశవృక్షం గీసిన కాగితం అతికించుకోమనో, రెండో ప్రకరణం నుంచి మొదలుపెట్టమనో. అలాంటి పుస్తకాల కోసం మా నోటుబుక్కు చివర ఒక పేజీ వేరుగా ఉంది. పుస్తకం పేరు, ఆగిన పేజీ, ఆగిన తేదీ రాసి ఉంటాయి. ఆరు నెలలకోసారి ఆ పేజీ తీసి గట్టిగా చదువుతాం. అందులో కుర్రవాడి పేరు పక్కన, నేను చెడగొట్టిన ఆ నవల ఉంది. కిందటి నెలలో అతనే పెన్ను తీసుకుని ఆ వరస కొట్టేసి, పక్కన "మళ్ళీ మొదటి పేజీ నుంచి" అని రాశాడు.